నలభై మంచాలకు ఏ ఛార్జర్?

అచ్యుతాపురం సెజ్‌లో షిఫ్టు వదిలే వేళకి రోడ్డంతా బస్సులే. వెయ్యెకరాల బ్రాండిక్స్ దుస్తుల నగరంలో కుట్టుపని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ బస్సులెక్కి ఇళ్లకు పోతారు. దూరం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే హాస్టళ్లలో ఉంటారు. అలాంటి హాస్టల్ ఒకటి నడుపుతున్నావిడకి మంచం మంచానికీ ఛార్జింగ్ సదుపాయం పెట్టించాలని బుద్ధి పుట్టింది. సలహాకి ఇద్దరిని కూర్చోబెట్టింది. ఒకరు జంక్షన్లో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే భర్త. ఇంకొకరు సెజ్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూసే తమ్ముడు. ఇద్దరికీ తప్పించుకునే వీల్లేకపోయింది.

బామ్మర్ది: నా ప్లాను చెబుతా విను బావా. పది గదులు, గదికి నాలుగు మంచాలు. మంచానికో టైప్ సి సాకెట్ గోడలోనే, స్విచ్ బోర్డులో బిగించేద్దాం. యూఎస్‌బీ పవర్ డెలివరీ, అందరూ పీడీ అంటారే, ఆ రకం. ఫోనైనా ట్యాబైనా ల్యాప్‌టాపైనా వైరు గుచ్చితే సరి.

బావ: గుచ్చితే సరిపోద్దేటి? నా కొట్టుకొచ్చే గోలంతా అదే కదా. ‘అన్నా, 80 వాట్ల ఫోను కొన్నాను, ఫ్రెండ్ ఛార్జర్‌కి పెడితే పాకుతోంది’ అంటారు. ఈ పిల్లల చేతుల్లో ఏముంటాయి? ఒప్పో, వివో, రియల్‌మీ, రెడ్‌మీ, శామ్‌సంగ్. కన్నం అన్నిటికీ ఒకటే. వేగం మాత్రం ఎవరి ఛార్జర్‌తో వాళ్లకే. ఒప్పో వాళ్లది సూపర్‌వూక్, వివో వాళ్లది ఫ్లాష్‌ఛార్జ్, షావోమీ వాళ్లది హైపర్‌ఛార్జ్. నా మాట విని గోడకి మామూలు మూడు కన్నాల సాకెట్ పెట్టించు. ఎవరి ఛార్జర్ వాళ్లు పెట్టుకుంటారు.

బామ్మర్ది: మాట కలవక పాకుతోంది బావా. టిఫిన్ సెంటర్లో కూర్చోగానే కుర్రాడు ఇడ్లీ, పూరీ, పెసరట్టు అని ఉన్నవన్నీ చదువుతాడు. మనకి కావలసింది మనం చెబుతాం. పీడీ ఛార్జరూ అంతే. వైరు గుచ్చగానే నా దగ్గర 5 వోల్టులుంది, 9 ఉంది, 15 ఉంది, 20 ఉంది, ఒక్కోదాంట్లో ఇన్ని యాంపులిస్తాను అని చదువుతుంది. ఫోను తనకి పడేది అడుగుతుంది. ఆ బేరం కోసమే టైప్ సి పిన్నులో సీసీ అనే తీగ ఉంది. నీ బ్రాండు ఛార్జర్లూ బేరమాడతాయి, కాకపోతే తమ ఫోన్లతోనే. మాట కలవనప్పుడు రెండూ 5 వోల్టుల దగ్గర సర్దుకుంటాయి. నీ కస్టమర్ చెప్పే పాకుడు అదే.

బావ: వాళ్లు ఊరికే సొంత దారి పట్టలేదు బామ్మర్దీ. 2014లో ఒప్పో ఫైండ్ 7తో వూక్ వచ్చినప్పుడు మిగతావాళ్లు ఏం చేసేవారు? క్వాల్‌కామ్ క్విక్ ఛార్జ్ పేరుతో 9 వోల్టులు, 12 వోల్టులు ఫోన్లోకి పంపేవారు. బ్యాటరీకి కావలసింది 4 చిల్లర. మరి ఆ 9ని 4కి దించే పని ఎక్కడ జరగాలి? ఫోను లోపల. వేడెక్కడ? చేతిలో. వూక్ వాళ్లు 5 వోల్టుల దగ్గరే ఉంచి యాంపులు పెంచారు. దించే పని, దాని వేడి ఛార్జర్లోనే ఉండిపోనాయి. యాంపులు పెరిగాయి గనక వైరు లావు చేశారు, పిన్ను మార్చారు. పోటీ ఉండబట్టే కదా ఆ ఉపాయం వచ్చింది? అప్పుడే నీలాంటోడు అందరికీ ఒకటే అని గీత గీసీసుంటే మనం ఇంకా 10 వాట్ల దగ్గరే ఉందుము.

బామ్మర్ది: ఉపాయం వాళ్లది, ఒప్పుకుంటా. కానీ అది వాళ్ల దగ్గరే ఆగలేదు. 2017లో పీడీకి పీపీఎస్ అనే భాగం చేర్చారు. ఫోను 20 మిల్లీవోల్టుల మెట్లతో తనకి ఈ క్షణాన ఎంత కావాలో అంతే అడుగుతుంది. కాబట్టి లోపల దించాల్సిన పని తగ్గింది. శామ్‌సంగ్ 25 వాట్లు, 45 వాట్లు నడిచేది దానిమీదే. నువ్వు చెప్పిన క్విక్ ఛార్జ్ కూడా 2016లో నాలుగో వెర్షన్‌కి వచ్చేసరికి పీడీతో కలిసిపోయింది.

బావ: కలిసినోళ్లు కలిశారు. మిగతావాళ్లో? చైనాలో హువావే, ఒప్పో, వివో, షావోమీ కూర్చుని యూఎఫ్‌సీఎస్ అని ఇంకోటి రాసుకున్నారు. అందరికీ ఒకటి కావాలని మొదలెడితే పక్కన ఇంకోటి పుట్టింది.

బామ్మర్ది: ఒకరి ఛార్జర్ ఇంకొకరికి పనికిరాకపోవడం ఆ కంపెనీలకే ఇబ్బందైందన్నమాట. యూరప్ వాళ్లయితే చట్టమే చేశారు. 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకి టైప్ సి ఉండాల్సిందే, ల్యాప్‌టాప్‌లకి 2026 ఏప్రిల్ 28 నుంచి. వేగంగా ఛార్జ్ అయ్యేదైతే పీడీ కూడా ఉండాలి. సొంత పద్ధతి పెట్టుకోవద్దనలేదు, దానివల్ల పీడీకి అడ్డు రాకూడదన్నారు. నీ పోటీ చావలేదు. ఐఫోను కూడా 2023లో తన లైట్నింగ్ వదిలేసి సి కన్నానికి వచ్చింది. మన దగ్గరా బీఐఎస్ 2023 జనవరిలో టైప్ సి ప్రమాణం ప్రకటించింది కదా.

బావ: ప్రకటించింది. ఆ కాగితం నేనూ చూశాను. ఐఎస్ ఐఈసీ 62680 పార్ట్ 1 సెక్షన్ 3. అందులో ఉన్నది కన్నం, పిన్ను, వైరు. నువ్వు చెప్పే బేరం వేరే సెక్షన్లో ఉంటాది. కన్నం ఒకటైనంత మాత్రాన మాట ఒకటవ్వదని నేను మొదటి నుంచీ మొత్తుకుంటున్నది అదే.

బామ్మర్ది: అబ్బో, కొట్లో కూర్చుని బాగానే చదువుతున్నావ్.

బావ: చదవకపోతే కస్టమర్ ఊరుకోడు. ఇంక వైరు సంగతికి రా. ప్రమాణం కాగితం మీద ఉంటాది, వైరు సంతలో ఉంటాది. మామూలు సి టు సి వైరు 3 యాంపులకి మించి మోయకూడదు. 20 వోల్టుల దగ్గర అది 60 వాట్లు. 5 యాంపులు కావాలంటే పిన్ను లోపల ఈ-మార్కర్ అనే చిప్పు ఉండాలి. అది లేకపోతే శామ్‌సంగ్ 45 వాట్ల ఫోనూ 45 తీసుకోదు. బయటికి చూస్తే రెండు వైర్లూ ఒకటే. మంచం పక్కన నీ సాకెట్ ఉంటాది, ఆ పిల్ల బండి మీద అరవై రూపాయలకి కొన్న వైరు గుచ్చుతాది. ఆ తర్వాత నీ పీడీ ఏం చేస్తాది?

బామ్మర్ది: 3 యాంపుల వైరు ఉన్నా 9 వోల్టుల దగ్గర 27 వాట్లు వస్తాయి. ఫోనుకి అది తక్కువేం కాదు.

బావ: వైరు సరిగ్గా చేసుంటే! 2016లో గూగుల్ ఇంజినీర్ బెన్సన్ లియంగ్ ల్యాప్‌టాప్ ఏమైనాది? ఆన్‌లైన్లో వైర్లు కొని పరీక్షిస్తూ ఉండేవాడు. లోపల తీగలు తప్పుగా అతికించిన వైరొకటి తగిలి ల్యాప్‌టాపే పోయింది. అంత తెలిసినోడికే అలాగైతే మన పిల్లల సంగతేటి? ఇంకోటి, చవక ఇయర్‌బడ్లు కొన్నింటికి సి కన్నం ఉంటాది, సి టు సి వైరు పెడితే మాత్రం ఛార్జే ఎక్కవు. పైసల్లో వచ్చే రెండు రెసిస్టర్లు లోపల పెట్టలేదు. ఛార్జర్ అవతల ఎవరూ లేరనుకుని కరెంటు ఇవ్వదు. పాత ఎ రకం కన్నం అయితే ఏదీ అడక్కుండా 5 వోల్టులు ఇచ్చీస్తాది, అవీ ఎక్కుతాయి. నీ గోడలో ఉత్త సి పెడితే వాటికి దిక్కేది?

బామ్మర్ది: సరే, ఒకటి రెండు ఎ కన్నాలు కూడా ఉంచుదాం. బటన్ల ఫోన్లకీ పనికొస్తాయి. ఇప్పుడు నేనొకటి అడుగుతా. హుద్‌హుద్ తుపాను గుర్తుందా?

బావ: ఎందుకు లేదు? 2014 అక్టోబర్ 12. తీరం దాటిందే మన పూడిమడక దగ్గర. రోజుల తరబడి కరెంటు లేదు. కొట్టు ముందు జనరేటర్ పెట్టి ఫోన్లు ఛార్జ్ చేశాను.

బామ్మర్ది: ఏ ఛార్జర్‌తో చేశావ్?

బావ: పది తలల వైరు ఉండేది కదా. నోకియా సన్న పిన్ను, లావు పిన్ను, మైక్రో, ఐఫోన్ది... నీ ఎత్తు అర్థమైందిలే.

బామ్మర్ది: అర్థమైతే చెప్పు. ఆ రోజు లైన్లో నిలబడ్డవాళ్లు ఎన్ని వాట్లని అడిగారా? మా పిన్ను ఉందా అని అడిగారు. ఇంటికి ఒక్క ఫోను చేసుకుంటే చాలు వాళ్లకి. నలుగురు వాడేచోట నేను చూసేది అదొక్కటే. జోడీ కుదిరినప్పుడు ఎంత వేగం వస్తుందన్నది కంపెనీ ప్రకటన చెబుతుంది. జోడీ కుదరనప్పుడు ఎంత దక్కుతుందన్నది ప్రమాణం చెబుతుంది. సూపర్‌వూక్ ఛార్జర్ మీద వేరే కంపెనీ ఫోను పెడితే ఏమొస్తుందో ముందే చెప్పలేం. పీడీ ఛార్జర్ మీద సూపర్‌వూక్ ఫోను పెడితే, మోడల్‌ని బట్టి 15, 18 వాట్లయినా వస్తాయి, కొన్ని కొత్తవాటికి ఇంకా ఎక్కువ.

బావ: తుపాను లెక్క రోజువారీకి పనికిరాదు. ఈ పిల్లల రోజు నీకు తెలుసు. పొద్దున్న షిఫ్టుకి చీకట్లోనే లేస్తారు. రాత్రి ఇంటికి వీడియో కాల్ మాట్లాడుతూ ఛార్జింగ్ పెట్టకుండా నిద్రపోతారు. పొద్దున్న చూస్తే ఐదు శాతం. బస్సుకి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో 80 వాట్లు సగానికి పైగా ఎక్కిస్తాది. నీ 18 వాట్లు ఏపాటి? ఆ వేగం కోసమే ఆ పిల్ల ఆ ఫోను కొంది.

బామ్మర్ది: అందరూ అలా 80 వాట్లు ఒకేసారి పెడితే? నలభై ఎనభైలు, 3,200 వాట్లు. మన వైరింగ్ ఎప్పటిది?

బావ: రెండు నీళ్ల హీటర్లు కలిపి పెడితే 3,000. దానికి లేని భయం దీనికెందుకు? పైగా 80 అన్నది మొదటి కొద్ది నిమిషాలే. సగం నిండాక ఫోనే తగ్గించుకుంటూ వస్తాది. నలభై ఫోన్లూ ఒకేసారి ఆ మొదటి నిమిషాల్లో ఉండడం ఎప్పుడు చూశావ్?

బామ్మర్ది: అది నిజమే. లోడు వాదన ఉపసంహరించుకుంటున్నా. బిల్లు వాదన కూడా లేదు. 5,000 ఎంఏహెచ్ ఫోను నిండితే పట్టేది 19 వాట్-అవర్లు. పోయేది పోగా పాతిక అనుకో. నలభై ఫోన్లు సున్నా నుంచి నిండినా రాత్రికి ఒక యూనిట్. అసలు నా భయం ఇంకోటి. డబ్బాలో ఛార్జర్ ఇవ్వడం కంపెనీలు మానేస్తున్నాయి. 2020లో ఐఫోన్ 12తో యాపిల్, 2021లో ఎస్21తో శామ్‌సంగ్ మొదలెట్టాయి. ఛార్జర్ రాలేదు, లేదా పాతది పాడైంది. ఒరిజినల్ ఖరీదు. అమ్మాయి ఏం కొంటుంది?

బావ: బండి మీద వందకో నూటయాభైకో.

బామ్మర్ది: దాంట్లో 230 వోల్టుల పక్కకీ 5 వోల్టుల పక్కకీ మధ్య ఉండాల్సిన ఎడం ఉండదు, ఫ్యూజు ఉండదు. దిండు కింద ఫోను, మంచం మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు, దానికి నాలుగు అలాంటి ఛార్జర్లు. 2024 ఆగస్టు 21న మన సెజ్ మందుల కంపెనీలో 17 మంది పోయారు. దానికీ ఛార్జర్లకీ సంబంధం లేదనుకో. కానీ ఆ తర్వాత కూతుర్ని చేర్చడానికి వచ్చిన తల్లులు మంట గురించి అడక్కుండా వెళ్లడం లేదని అక్కే చెబుతోంది. ఎవరి ఛార్జర్ వాళ్లు తెచ్చుకోండి అన్నావంటే ఆ వంద రూపాయల సరుక్కి నువ్వు తలుపు తీసినట్టే. అందరికీ పనికొచ్చే మంచి ఛార్జర్ హాస్టలే పెడితే అది కొనే అవసరమే పోతుంది. పీడీ మీద నాకున్న ప్రేమ వేగం కోసం కాదు, ఇందుకు.

బావ: ఈ మాట ముందే చెప్పుంటే ఇంతసేపు పట్టేది కాదు. సరే. కానీ గోడలో మాత్రం వద్దు.

బామ్మర్ది: మళ్లీ ఏమైంది?

బావ: 2015 ఆగస్టులో రెడ్‌మీ 2 ప్రైమ్ విడుదలైంది ఎక్కడ? మన విశాఖపట్నంలో. శ్రీసిటీలో తయారైన ఫోను, ముఖ్యమంత్రి కూడా వచ్చాడు. ఆ ఫోనుకి ఏ కన్నం? మైక్రో. అప్పుడు హాస్టల్ కట్టి నీ లెక్కన గోడలో ఆనాటి ఛార్జింగ్ సాకెట్లు పూడ్చుంటే ఇవాళ నలభై డబ్బాలూ పీకి పారెయ్యాలి. పీడీ మాత్రం ఆగిందా? 2012లో మొదలు. అప్పుడు 100 వాట్లన్నారు. 2021లో 3.1 వచ్చి 48 వోల్టులు, 240 వాట్లన్నారు. ఛార్జర్ లోపల ఉన్నది ఎలక్ట్రానిక్స్. ఎండిపోయే కెపాసిటర్లు, ఉప్పుగాలి, కరెంటు హెచ్చుతగ్గులు. గోడలో పోతే ప్రతిసారీ ఎలక్ట్రీషియన్ని పిలవాలి. అదే మూడు కన్నాల సాకెట్ చూడు. మన నాన్నల కాలంలో ఇస్త్రీపెట్టెకి ఏది పెట్టారో అదే. గోడలో ఉండాల్సింది నెమ్మదిగా మారేది. వేగంగా మారేది బయట ఉండాలి.

బామ్మర్ది: అంటే ఇంతసేపూ ప్రమాణం వద్దన్న నువ్వు అన్నిటికంటే పాత ప్రమాణం పట్టుకుని కూర్చున్నావన్నమాట.

బావ: ప్రమాణం వద్దని నేనెప్పుడన్నాను? కొత్తగా వచ్చిందాన్ని సిమెంట్ పెట్టి మూసీకు అంటున్నాను.

బామ్మర్ది: ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే ఇలా చేద్దాం. గోడలో ప్రతి మంచానికీ మామూలు 6 యాంపుల సాకెట్. గదికో షెల్ఫు, దానిమీద 100 వాట్ల పీడీ, పీపీఎస్ ఉన్న ఛార్జర్, మూడు సి కన్నాలు, ఒక ఎ కన్నం. నలుగురూ ఒకేసారి పెడితే ఆ 100నే పంచి ఇస్తుంది. ఒక్కరే ల్యాప్‌టాప్ పెడితే ఎక్కువ భాగం దానికే పోతుంది.

బావ: ల్యాప్‌టాప్ విషయంలో నేను నోరెత్తను. ఒకప్పుడు కంపెనీకో గుండ్రటి పిన్ను. ఒక్కోదాని లావు కొలుచుకుంటూ అమ్మేవాణ్ని. ఇప్పుడు సి కన్నంతో ఛార్జయ్యేవన్నీ దాదాపు పీడీ మీదే. ఆఫీసు పని చేసుకునే పిల్లలకి 45, 65 వాట్లు సరిపోతాయి. వైరు మాత్రం ఈ-మార్కర్ ఉన్నది, 100 వాట్లని రాసున్నది పెట్టు. ఇంకో సంగతి. పక్క కన్నంలో ఇంకోటి గుచ్చగానే ఛార్జర్ మళ్లీ పంపకాలు మొదలెడతాది, ఒక సెకను అన్నీ ఆగుతాయి. చెడిపోయిందని నీకు ఫోన్లు వస్తాయి. ముందే చెప్పి ఉంచు.

బామ్మర్ది: వైర్లు హాస్టల్ పెడితే వారంలో మాయమవుతాయి.

బావ: ఛార్జర్‌కి జిప్ టై వేసి బిగించు. వైరు వాళ్లకే వదిలీసావంటే బండి మీది సరుకు మళ్లీ వచ్చీస్తాది. ఇందాక నువ్వు చెప్పిన భయమే.

బామ్మర్ది: నాకు నచ్చలేదు. వైరు మనిషిది, ఛార్జర్ చోటుది. యూరప్ వాళ్లు కూడా అదే చూసుకున్నారు. ఫోన్‌తో ఛార్జర్ అక్కర్లేదనుకునేవాళ్లకి అది లేకుండా కొనుక్కునే వీలుండాలన్నారు.

బావ: యూరప్‌లో అరవై రూపాయల వైరు అమ్మే బండి లేదు. నీ ఛార్జర్ ఎంత మంచిదైనా నడిచేది దానికి గుచ్చిన వైరు స్థాయిలోనే. ఇంక నా ఇరవై నిమిషాల పిల్లల సంగతి?

బామ్మర్ది: వాళ్ల ఛార్జర్ వాళ్లు మంచం పక్క సాకెట్‌కి పెట్టుకుంటారు. నువ్వు అడిగిన మూడు కన్నాల సాకెట్ అందుకేగా ఉంది. ఒకటే షరతు. దానిమీద బీఐఎస్ గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నంబర్ ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఎవరి పేరున రిజిస్టరైందో చెబుతుంది. అక్క చేర్చుకునేటప్పుడే చూస్తుంది.

బావ: అంటే హాస్టల్ డబ్బుతో అందరికీ సరిపడా, సొంత డబ్బుతో ఎవరికి కావలసిన వేగం వాళ్లకి. ఇలాగైతే ఆ పిల్ల 80 వాట్లకి పెట్టిన డబ్బు దండగ కాదు, ఛార్జర్ లేని పిల్ల చీకట్లోనూ ఉండదు. రాసుకో. 100 వాట్ల ఛార్జర్లు పది, రెండు విడిగా ఉంచుకో. 5 యాంపుల వైర్లు...

బామ్మర్ది: ఆగాగు. ఇవన్నీ నీ కొట్లోనే కొనాలా?

బావ: ఇంకెక్కడ కొంటావ్?

బామ్మర్ది: ఇంట్లో సరుకని బిల్లు ఎగ్గొడతావేమో. ఆర్ నంబర్ నేనే కొట్టి చూస్తా. జీఎస్టీ బిల్లు కావాలి, ఏడాది వారంటీ కాగితం మీద రాసివ్వాలి. వైర్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

బావ: అది మీ అక్క తేలుస్తాది. డబ్బులు ఆవిడవి.